ఎల్లమంద దగ్గుకు మంజూరైన గది

ఎల్లమంద తన దగ్గును సంక్షేమ కార్యాలయంలో అప్పజెప్పి, రసీదు తీసుకుని ఇంటికొచ్చాడు. అందులో వింతేమీ లేదు. కంకర మిల్లులో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నవాళ్లంతా చేసే పనే అది. విచారణకు రోగి వస్తే సరిపోదు, రోగం రావాలి.

ఆ సలహా ఉచిత న్యాయ సహాయం వకీలు వహీదాది. మంచి మనిషి, పాపం. ఆయాసంతో ఎల్లమంద పనికి పోలేకపోయేసరికి, మిల్లు యజమాని వాళ్లుంటున్న షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు. వానలు ముంచుకొస్తున్నాయి. జబ్బుపడ్డ కూలీలకు సర్కారు కాలనీలో గది ఇస్తారని ఆవిడే అర్జీ పెట్టింది. తీరా మొదటి విచారణలో ఎల్లమంద దగ్గును దిగమింగుకుని నిలబడ్డాడు. పెద్దవాళ్ల ఎదుట దగ్గితే బాగుండదని అతని భయం. కేసు వాయిదా పడింది.

"ఈసారి నువ్వు రావద్దులే, దాన్నొక్కదాన్నే పంపు," అంది వహీదా.

దగ్గులేని ఇల్లు భార్య పుల్లమ్మకు నచ్చలేదు. అది వినబడుతుంటేనే మొగుడు బతికున్నాడని ఆమెకు ధైర్యం. ఇప్పుడు మాటిమాటికీ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవాల్సి వచ్చింది.

విచారణలో దగ్గు బ్రహ్మాండంగా దగ్గింది. అధికారి కళ్లు తుడుచుకుని, గది దగ్గు పేరున మంజూరు చేశాడు. ఎల్లమందను చూసిన డాక్టరు మాత్రం, దగ్గు లేదు కనుక ఆరోగ్యవంతుడని రాశాడు. మిల్లువాళ్లు షెడ్డుకు తాళం వేశారు.

"మరి నేనెక్కడుండేది మేడంగారూ?" అన్నాడు ఎల్లమంద.

వహీదా ఊరుకునే రకం కాదు. చెప్పులరిగేలా తిరిగి, దగ్గుకు తోడుగా మొగుడూ పెళ్లాలు వరండాలో ఉండొచ్చని ఉత్తర్వు తెచ్చింది. దాన్ని చేతికిస్తూ ఆవిడ తలెత్తలేదు. పుల్లమ్మ ఆవిడ చేతులు కళ్లకద్దుకుంది. తలమీద ఓ చూరు దొరికింది, అదే పదివేలు.

వానలు పడ్డాయి. జల్లు వరండాలోకి కొట్టేది. లోపల మంచం మీద దగ్గు దర్జాగా దగ్గుతుండేది, బయట గోడవారన ఎల్లమంద చప్పుడు లేకుండా ఎగశ్వాస తీసేవాడు. ఒకనాడు తెల్లారాక పుల్లమ్మ అలవాటుగా వేలు పెట్టి చూస్తే, ఊపిరి తగల్లేదు. గుండెలు బాదుకుని ఏడ్చింది.

దినం అయ్యాక కాలనీ గుమస్తా వచ్చి, గుమ్మంలో నిలబడి చెవి ఒగ్గాడు. లోపల దగ్గు వినబడింది. లబ్ధిదారు క్షేమం అని రాసుకున్నాడు.

"జాగర్తగా చూసుకోమ్మా. అది తగ్గిందంటే గది వెనక్కి పోద్ది."

"నాకు తెలవదా అయ్యా," అంది పుల్లమ్మ.

ఇప్పుడామె అదే మిల్లులో పనికి పోతోంది. పొద్దుగూకి రాగానే ముందు గదిలోకి వెళ్లి, చీరకు పట్టిన రాతిదుమ్మంతా మంచం మీద దులుపుతుంది. దగ్గు అందుకున్నాక, వరండాలోకొచ్చి పొయ్యి వెలిగించుకుంటుంది.