ఎముకలు లేని మనుషులు

ఆ రోజుకు స్కాను విభాగంలో పనిచేసే ఎవారిస్తో వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే అదెమార్ గారనే రోగికి ఎముకల్ని బొమ్మలో వెలిగించే రేడియేషన్ మందు ఇంజెక్షన్, మూడు గంటలాగి ఎముకల స్కాను, ఆ తర్వాత తను రాసిన వెసీతో అనే ప్రోగ్రాము పరీక్ష నెగ్గడం, తను ఇంటికెళ్లి కడుపునిండా భోంచేయడం. వెసీతో అంటే స్పానిష్‌లో బుల్లి ఎముక. స్కాను బొమ్మలు చదివి ఎముకల్లో ఎక్కడ తేడా ఉందో చెప్పే ఆ ప్రోగ్రామును అతను మూడేళ్ల ఆదివారాలు ధారపోసి రాశాడు. రాసి ఊరుకోకుండా, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల మార్చుకోనూవచ్చు అని లోకానికి తెరిచి పెట్టాడు. అతని భార్య దాన్ని సవతి అని పిలుస్తుంది.

ఉరుగ్వే రాజధాని మోంతెవిదేయోలోని ఆ ఆసుపత్రిలో సవతి ఉంటుందా పోతుందా అన్నది ఆ రోజే తేలాలి. నదికి అవతలి ఒడ్డునున్న బ్యూనస్ ఏర్స్ నుంచి ఓడెక్కి, టై కట్టుకుని హొరాసియో వచ్చాడు, తన కంపెనీ ప్రోగ్రామును అమ్మడానికి. ఒకే బొమ్మను రెండింటికీ ఇస్తానంది విభాగం పెద్ద డాక్టర్ ఎలీదా. "ఓడితే నీదాన్ని తీసేస్తాను ఎవారిస్తో. మొహమాటాలు పెట్టుకోకు" అని ముందే చెప్పేసింది. ఎవారిస్తోకు అప్పటినుంచీ ముద్ద దిగడం లేదు.

అదెమార్ గారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. తుంటి నొప్పి. ఇంజెక్షన్ అయ్యాక డాక్టరమ్మ, "మందు ఎముకలకు పట్టడానికి టైము పడుతుంది. అప్పటిదాకా బాగా తాగుతూ ఉండండి" అంది. ఆయనకు తాగడమంటే మాతే అనే చేదు ఆకు కషాయమే. అది ఒంటరిగా తాగేవాణ్ణి ఆ ఊళ్లో మనిషిగా లెక్కపెట్టరు. చంకలోంచి ఫ్లాస్కు తీసి, సొరబుర్రలో ఆకు మీద వేడినీళ్లు పోసి, తను ఒకటి పీల్చి పంపకం మొదలెట్టాడు. ఎందరున్నా బుర్ర ఒకటే, పీల్చే గొట్టం ఒకటే.

"పుచ్చుకోండి డాక్టరమ్మా."

"డ్యూటీలో ఉన్నానండీ."

"నేను బస్సు నడుపుతూ తాగేవాణ్ణి. మీరు నిలబడేగా ఉన్నారు."

డాక్టరమ్మ తాగింది. ఎవారిస్తో కంగారులో నాలుగు తాగాడు. ఆ తర్వాత బుర్ర హొరాసియో దగ్గరికి వచ్చింది.

"మీ ఒడ్డున ఇందులో చక్కెర కలుపుకుంటారటగా, పాపం" అన్నాడు అదెమార్ గారు.

"కలుపుకుంటాం. మీరు ఇస్తే మాత్రం చేదే తియ్యగా ఉంది" అన్నాడు హొరాసియో, అమ్మకం మీది ఆశతో. బుర్ర తిరిగిచ్చేటప్పుడు ధన్యవాదాలు అంటే ఇక చాలని అర్థం. మర్యాదకు పోయి అతను ఆ మాట అనలేదు. అదెమార్ గారు పోయడం ఆపలేదు.

స్కాను వేళకు హొరాసియోకు హుషారు పుట్టింది. "ముందు నన్ను పడుకోబెట్టండి డాక్టరమ్మా. నాకు ఇంజెక్షన్ లేదు, బొమ్మ చీకటిగా రావాలి. ఉచితంగా దొరికేవి చీకట్లో దయ్యాలను చూస్తాయి. మీరే చూద్దురుగాని" అంటూ బల్లెక్కాడు.

కాసేపటికి రెండు కాగితాలు వచ్చాయి. కంపెనీ కాగితం మీద రంగురంగుల అస్థిపంజరం, కింద "ఎముకలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి" అని. వెసీతో కాగితం మీద ఒక్క ముక్క: "ఎముకలు కనిపించడం లేదు. పెదవులు, గొంతు, పొట్ట వెలుగుతున్నాయి."

హొరాసియో తన కాగితాన్ని ఎత్తి చూపించాడు. "నా ఎముకలు ఆరోగ్యంగానే ఉన్నాయిగా. అబద్ధమేముంది?"

"ఇంజెక్షనే లేనప్పుడు ఎముకలు ఎలా కనిపిస్తాయండీ?" అన్నాడు ఎవారిస్తో.

"మరి పొట్ట ఎలా కనిపించిందయ్యా?" అంది డాక్టరమ్మ.

ఎవారిస్తో బల్ల తుడిపించి తనే పడుకున్నాడు. వెసీతో కన్నతండ్రినని కూడా చూడలేదు. అతనికీ ఎముకలు లేవంది, పొట్ట వెలుగుతోందంది. కంపెనీ ప్రోగ్రాము అతని వెన్నెముకను ప్రత్యేకంగా మెచ్చుకుంది.

"చాలు. కాళ్ల మీద నడిచొచ్చిన వాళ్లకు ఎముకల్లేవనే దాన్ని నేను రోగుల మీద వాడలేను. హొరాసియో గారూ, మీదే తీసుకుంటాం" అంది డాక్టరమ్మ.

కానీ ఆ వెలుగు సంగతి ఆవిడను కలవరపెట్టింది. మందు ఎక్కడన్నా ఒలికిందేమోనని రేడియేషన్ భద్రత చూసే రొసెందోకు కబురు పెట్టింది. అతను రేడియేషన్ తగిలితే చిటపటలాడే పెట్టెతో వచ్చాడు. అది హొరాసియో మూతి దగ్గర చిటపటమంది, ఎవారిస్తో దగ్గర చిటపటమంది, డాక్టరమ్మ దగ్గరా అంతే.

"పొద్దుటినుంచీ ఏమన్నా తిన్నారా, తాగారా?" అని గట్టిగా అడిగాడు రొసెందో.

"ఏమీ లేదు" అన్నారు అందరూ. నిజాయితీగానే అన్నారు. మాతేను అక్కడ ఎవరూ తాగినట్టు లెక్కవేయరు, గాలి పీల్చినట్టు అంతే.

"అయితే గాల్లోనే ఉంది. ఒక్కరు కూడా కదలడానికి వీల్లేదు" అని రొసెందో తలుపులు మూయించాడు. కింద వంటింటికి ఈ మాట పేలుడు జరిగిందని చేరింది, వాళ్లు భోజనాలు పైకి పంపేది లేదన్నారు. ఎవరో ఫోను చేస్తే ఫైరింజను వచ్చి గేటు దగ్గర ఆగింది. రేడియోవాళ్లు దాన్ని చూసి వచ్చారు. పైన బందీలైనవాళ్లు, ఊరికే కూర్చోలేక, చేయాల్సిందే చేశారు. అదెమార్ గారు అక్కడే మళ్లీ నీళ్లు కాయించాడు. రొసెందో కొలిచిన ప్రతిసారీ చిటపట పెరుగుతోంది. భయంతో అతనికి గొంతు ఎండిపోయింది. అతనూ రెండు బుర్రలు పుచ్చుకున్నాడు. ఆ తర్వాత పెట్టె అతన్ని చూసి కూడా చిటపటమంది.

"నాకు ఇద్దరు పిల్లలు" అంటూ కూలబడ్డాడు రొసెందో.

"బెంగపడకు నాయనా. పాపం, పొద్దుటినుంచీ ఆ పెట్టెకే ఎవరూ ఇవ్వలేదు" అంటూ అదెమార్ గారు సరదాకి బుర్రను దాని ముందు పెట్టాడు. పెట్టె గీపెట్టింది.

డాక్టరమ్మ ముఖం మెల్లగా ఎర్రబడింది. "మందు కొంచెం ఎంగిల్లోకి దిగుతుంది. ఆయన ఎంగిలి గొట్టానికి అంటింది, గొట్టంలోంచి మనకు. ప్రమాదమేం లేదు, రేపటికి పోతుంది" అని రెండు కాగితాలూ మళ్లీ తీసింది. "పెదవులు, గొంతు, పొట్ట. ఎముకలు లేవు. అక్షరాలా నిజం. హొరాసియో గారూ, మీది మరి ఏ ఎముకల్ని చూసి మెచ్చుకుంది?"

"బొమ్మ మసకగా ఉంటే... మిగతాది అదే నింపుకుంటుందండీ. కొనేవాళ్లు బొమ్మ నిండుగా ఉండాలంటారు."

"నింపడానికి అదేమన్నా కూర కుక్కిన ఎంపనాదా కజ్జికాయా? మనిషయ్యా" అంది డాక్టరమ్మ. "ఎవారిస్తో, పొరపాటు నాది. వెసీతో ఇక్కడే ఉంటుంది."

ఎవారిస్తో కుర్చీలో కూర్చుని, సిగ్గుపడకుండా ఏడ్చాడు. మూడేళ్లలో దాన్ని ఎవరైనా పూర్తిగా నమ్మడం అదే మొదలు. ఆనక తీసిన స్కానులో అదెమార్ గారి తుంటి అరిగిందని తప్ప మరే చెడ్డ కబురూ లేదని కూడా వెసీతోనే చెప్పింది.

సాయంత్రం తలుపులు తెరిచాక హొరాసియో టై వదులు చేసుకుని ఎవారిస్తో పక్కన చేరాడు.

"ఏమయ్యా, దీన్ని మా కంపెనీ కొంటుంది. ఎంతకిస్తావ్?"

"కొనడమెందుకు? ఉచితం. తీసుకెళ్లండి."

"ఉచితమంటే మావాళ్లు నమ్మరు. ఎంతో కొంత చెప్పు."

తన ఓడ టైము అయ్యేదాకా బేరమాడాడు గానీ, ఎవారిస్తో సున్నా నుంచి ఒక్క పెసో కూడా పైకి రాలేదు.