ఒకాయన్ని చూసుకుంటున్నాను

ఆ ఉదయం ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి తండ్రీ కూతురూ కలిసి విశ్వవిద్యాలయానికి వెళ్లాలి, నర్సింగు కోర్సు దరఖాస్తు కిటికీలో ఇచ్చి రసీదు తీసుకోవాలి, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చి భోంచెయ్యాలి. ఇందులో చెడిపోవడానికి ఏమీ కనిపించక తండ్రి ప్రెస్సుకు ఒక్క పూటే సెలవు పెట్టాడు.

ఆయన ప్రూఫ్ రీడరు. అచ్చుకు వెళ్లే ప్రతి కాగితాన్నీ ముందు తాను చదివి తప్పులు దిద్దుతాడు. ప్రెస్సులో అందరూ ఆయన్ని ఎర్రపెన్ను అంటారు. అది జేబులో లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు మరి. దుకాణాల బోర్డులు, మందు సీసాల మీది చీటీలు, భార్య రాసిన సరుకుల జాబితా, దేన్నీ ఆయన దిద్దకుండా వదిలిపెట్టడు.

కూతురు ప్రవేశపరీక్ష రాయడం ఇది రెండోసారి. నిరుడు రెండంటే రెండు మార్కుల్లో సీటు చేజారింది. ఏడాదంతా జీవశాస్త్రం పుస్తకంతోనే కాపురం చేసి ఈసారి మంచి ర్యాంకు తెచ్చుకుంది. మూడోసారి రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఇవాళ మధ్యాహ్నం రెండు దాటితే కిటికీ మూసేస్తారు. ఆ పిల్ల కష్టమంతా ఒక నీలం ఫైల్లో భోజనాల బల్ల మీద ఉంది.

"ఫోటోల మీద సంతకాలు పెట్టించుకొస్తాను నాన్నా," అంటూ ఆ అమ్మాయి తొమ్మిదింటికే చెప్పులు తొడుక్కుంది. "ఆ తర్వాత ఒక్క సంతకం మిగులుతుంది. అదీ అయిందంటే ఇంక నన్నెవరూ ఆపలేరు."

"వెళ్లిరా తల్లీ," అన్నాడు తండ్రి. ఎవరు ఆపుతారని మాత్రం అడగలేదు.

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో ఆయన ఫైలు తెరిచాడు. దురుద్దేశం ఏమీ లేదు. అచ్చు తప్పులుంటే దిద్దుదామని. హాల్ టికెట్టు, మార్కుల పత్రం, ర్యాంకు కార్డు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. వాటి కింద కూతురి చేతిరాతతో ఒక కాగితం కనిపించింది.

"రెండేళ్లుగా నేను ఒకాయన్ని చూసుకుంటున్నాను. ఇంట్లో తెలియదు. తెలిస్తే నాన్న ఊరుకోరు. మొదట్లో ఆయన కూడా ఒపుకోలేదు. ఇప్పుడు నేను వెళ్లకపోతే అన్నం ముట్టరు. రోజూ సాయంత్రం ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకుని కూర్చుంటాను. నా దారేదో నాకు ఆ గదిలోనే తెలిసింది." కింద ఒక చిరునామా ఉంది.

'ఒపుకోలేదు'లో పకు ఒత్తు లేదు. ఎర్రపెన్ను అలవాటు కొద్దీ మూత తీసి ఒత్తు పెట్టాడు. ఆ సిరా ఆరేలోపు అర్థం తలకెక్కింది. కుర్చీలో కూలబడ్డాడు.

భార్యకు చదివి వినిపించాడు. ఆమె వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేననుకుంటూనే ఉన్నానండీ. సాయంత్రం అయ్యేసరికి గిన్నెలో కూర సగమైపోయేది. చదువుకునే పిల్ల కదా, ఆకలి ఎక్కువైందనుకున్నాను."

"నేను సంపాదించిన కూర వాడికి పెడుతోందన్నమాట," అన్నాడు ఆయన. ఆ క్షణంలో అన్నిటికన్నా అదే ఎక్కువ బాధించింది.

పావుగంటలో ఆయన అక్కయ్య దిగింది. పక్క వీధిలోనే ఉంటుంది. చిన్న గొడవను పెద్దది చెయ్యడంలో ఆవిడకు సాటి లేరు. నిలబడే కాగితం చదివింది.

"ఒకాయన్ని అని రాసింది. అంటే వయసులో పెద్దవాడు," అని తేల్చింది. "మొదట్లో ఒప్పుకోలేదట. మన పిల్లకేం తక్కువని ఒప్పుకోలేదు?"

"అక్కయ్యా, అసలు సంగతి అది కాదు."

"అదే అసలు సంగతి. రెండేళ్ల క్రితం చూసుకుందా, ఇంకా చూసుకుంటోందా?"

"చూసుకుంటున్నాను అనే రాసింది," అన్నాడు ఎర్రపెన్ను. వ్యాకరణం అడిగితే ఆయన ఎంత దుఃఖంలోనైనా జవాబు చెబుతాడు.

"అయితే ఇంకా నడుస్తోందన్నమాట. పద, ఆ మహానుభావుడి మొహమేదో చూసొద్దాం. తాడో పేడో ఇవాళే తేలిపోవాలి."

ఆయన నీలం ఫైలు చంకన పెట్టుకున్నాడు. ముందు ఈ వ్యవహారం తేలాలి, సీటు సంగతి తర్వాత అన్నాడు. ఫోను కూడా ఆపేశాడు. పిల్ల వచ్చి అడిగితే ఏం చెప్పమంటారని భార్య అడిగితే, "అబ్బాయి ఇంటికి వెళ్లామని చెప్పు," అని అక్కయ్య వీధిలోంచి అరిచింది. ఆ మాట నలుగురికీ వినబడింది.

చిరునామా ఊరికి అవతలి కొసన ఉంది. దారిలో రోడ్డు తవ్వేసి ఉండడంతో టాక్సీ ఊరంతా చుట్టి, ఆ ఇల్లు వెతికి పట్టుకునేసరికి పన్నెండున్నర దాటింది. అది రెండంతస్తుల పాత ఇల్లు. కింది వాటాలో ఒక దర్జీ ఆవిడ మిషను తొక్కుతోంది. అక్కయ్య టాక్సీని ఆగమంది. లోపలివాడు పారిపోతే వెంటపడడానికి ఉంటుందని ఆవిడ ఆలోచన. మా పిల్ల రోజూ వచ్చేది ఎవరి కోసమని దర్జీ ఆవిడను నిలదీసింది.

"పైనాయనా?" అంది దర్జీ ఆవిడ, మిషను ఆపకుండా. "ఉన్నారు. పొద్దున్నే గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఇవాళ మీ అమ్మాయి కోసం ఏదో సంతకం పెట్టాలట. రాత్రి నిద్ర కూడా పట్టలేదన్నారు పాపం."

ఎర్రపెన్ను పొద్దుటి మాటలు గుర్తుచేసుకున్నాడు. ఫోటోలు, సంతకాలు, రెండింటికి మూసేసే ఆఫీసు, ఇంక నన్నెవరూ ఆపలేరు. అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి.

"రిజిస్టరు పెళ్లి," అంది అక్కయ్య నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడడం ఆయన పుట్టి బుద్ధెరిగాక అదే వినడం.

ఇద్దరూ మెట్లు గబగబా ఎక్కారు. పైన తలుపు తీసే ఉంది. కిటికీ పక్కన బల్ల ముందు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. నున్నటి గడ్డం, తెల్లటి చొక్కా, ఒళ్లో సగం ముడుచుకున్న కుడిచెయ్యి.

"ఎర్రపెన్నా?" అన్నాడాయన. "రా. ఏడేళ్లకు దారి తెలిసిందా?"

ఎర్రపెన్ను గుమ్మంలోనే ఆయన్ని గుర్తుపట్టాడు. ఆయన పాత ప్రెస్సులో పెద్ద రీడరు. తనకు ఇరవయ్యో ఏట పెన్ను పట్టించి పని నేర్పినవాడు. ఏడేళ్ల కిందట ఒక సభ ఆహ్వానపత్రంలో 'వేదికను అలంకరించే పెద్దలు' అని ఉండాల్సిన చోట 'పేదలు' అని అచ్చయిపోయింది. అది చూడకుండా వదిలేసినందుకు పెద్ద రీడరు ప్రెస్సంతా వినేట్టు తిట్టాడు. ఎర్రపెన్ను ఆ రోజే లెక్క చూసుకుని వేరే ప్రెస్సులో చేరాడు. మళ్లీ నీ గడప తొక్కితే ఒట్టు అని కూడా అన్నాడు. ఇన్నాళ్లలో ఆయన ఎలా ఉన్నాడో, ఎక్కడికి ఇల్లు మారాడో కనుక్కోలేదు.

ఇదేమీ తెలియని అక్కయ్య ముందుకొచ్చింది. "మీవాడేడండీ?"

"మావాడెవరమ్మా? నాకెవరూ లేరు."

"మరి మా పిల్ల చూసుకుంటున్నది ఎవర్ని?"

"నన్నే."

అక్కయ్య వెనక్కి చెయ్యి చాపి కుర్చీ వెతికింది. కుర్చీ దొరక్క మంచం మీద కూర్చుండిపోయింది.

"మీకెన్నేళ్లండీ?"

"డెబ్బై ఆరు నిండాయి."

"రెండేళ్ల కిందటైతే డెబ్బై నాలుగు," అని గొణిగింది ఆవిడ, అది కాస్త నయమన్నట్టు.

ఎర్రపెన్ను బల్ల దగ్గరికి వచ్చాడు. "గురువుగారూ, నా మీద కోపం ఉంటే నన్ను తిట్టండి. పసిపిల్ల జీవితంతో ఆడుకోవడం మీకు న్యాయమా?" అంటూ కాగితం తీసి ముందు పెట్టాడు.

పెద్ద రీడరు దాన్ని కిటికీ వెలుగుకు పట్టి చదివాడు. మొదట ఎర్ర ఒత్తు దగ్గర ఆగాడు. తర్వాత ఎర్రపెన్ను మొహం చూశాడు, అక్కయ్య మొహం చూశాడు. భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గు అయ్యేదాకా ఆగలేదు.

"ఒత్తు బాగా పెట్టావు," అన్నాడు కళ్లు తుడుచుకుని. "పనిలో చేరిన మొదటి రోజు నీకేం చెప్పాను?"

"కాగితం తిప్పి చూడనిదే పెన్ను మూత తియ్యొద్దన్నారు."

"మరి తిప్పు."

ఎర్రపెన్ను కాగితం తిప్పాడు. వెనక పేజీ నిండా రాసి ఉంది.

"ఈయన పేరు కింద రాశాను. వయసు డెబ్బై ఆరు. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయింది. ఒంటిచేత్తో తాళం వెయ్యలేక గుమ్మంలో నిలబడి ఉంటే ఒకరోజు చూశాను. అప్పటినుంచి బట్టల క్లిప్పులు నొక్కించి, గుడ్డ పిండించి, వేళ్లు కదిలించాం. ఇప్పుడు అక్షరాలు రాస్తున్నారు. మా నాన్నకు పని నేర్పింది ఈయనే. వాళ్లిద్దరికీ మాటల్లేవు. కానీ మేము తినే ప్రతి ముద్దా ఈయన నేర్పిన పని పెట్టిందే. అందుకే ఈయన్ని చూసుకుంటున్నాను. ఇలా చూసుకోవడాన్నే చదువుగా చదవాలని ఉంది."

ఆయన చదవడం ముగించి కూడా తల ఎత్తలేదు. తాను ఏడేళ్లు మోసిన కోపాన్ని పిల్ల రెండేళ్లుగా కూర గిన్నెతో మోసుకెళ్లి ఇక్కడ దించేసిందని అర్థమయ్యాక ఆయనకు ఏడుపు ఆగలేదు. సిగ్గుతో సగం, సంతోషంతో సగం ఏడ్చాడు. అక్కయ్య ఏ సంగతికి ఏడవాలో తెలియక రెండింటికీ కలిపి ఏడ్చింది.

అప్పుడే మెట్ల మీద పరుగు వినబడింది. కూతురు ఆయాసపడుతూ లోపలికొచ్చింది.

"ఏ అబ్బాయి ఇంటికి వెళ్లారు నాన్నా? అమ్మ ఏదేదో చెప్పి ఏడుస్తోంది. నా ఫైలేది? టైము ఒంటిగంటవుతోంది."

"ఫైలు నా దగ్గరే ఉంది తల్లీ," అన్నాడు తండ్రి. చంకలోంచి తీసి ఇచ్చాడు.

ఎవరినైనా చూసుకున్న అనుభవం గురించి పిల్ల రాసిన ఆ కాగితంతో పాటు, ఆమె చూసుకున్న మనిషి స్వయంగా రాసిన ఉత్తరం ఒకటి దరఖాస్తుకు జతచెయ్యాలి. మిగిలిన ఆ ఒక్క సంతకం దాని మీదిదే. పెద్ద రీడరు మూడు రోజులు కూర్చుని ఆ ఉత్తరం రాశాడు. ఎవరైనా రాసిపెడతానంటే ఒప్పుకోలేదట. తన చెయ్యి రాయడమే సాక్ష్యమన్నాడట.

కాగితం కదలకుండా ఎర్రపెన్ను అంచు పట్టుకున్నాడు. ముసలాయన పళ్లు బిగించి, ఒక్కో అక్షరమే దింపుతూ, నాలుగు నిమిషాల్లో సంతకం పూర్తిచేశాడు. నుదుట చెమట పట్టింది.

"ఒకసారి చూడు," అన్నాడు. "తప్పుతో పోకూడదు. నీ కన్ను మంచిదే, ఆ ఒక్కసారి తప్ప."

ఎర్రపెన్ను చూశాడు. అక్షరాలు వంకరగా ఉన్నా ప్రతిదీ చదవడానికి వస్తోంది. ఈ అమ్మాయి నా చేతికి రెండోసారి అక్షరాభ్యాసం చేసింది, ఈమెకు నేను బతికినంతకాలం కృతజ్ఞుణ్ణి అని రాసి ఉంది. అన్నిటికన్నా పైన, పెద్ద పెద్ద అక్షరాలతో మొదటి వాక్యం ఇలా ఉంది: 'విశ్వవిద్యాలయ పేదలకు నమస్కారాలు.'

ఆయన చెయ్యి తనంతట తానే జేబు దగ్గరికి వెళ్లింది. మూత సగం తీశాడు కూడా. కూతురు ఆయన భుజం మీదుగా అదే వాక్యం చదివి ఆయన వైపు చూసింది. గడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. మళ్లీ రాయాలంటే ఇంకో మూడు రోజులు కావాలి.

ఆయన మూత బిగించి పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"ఒక్క తప్పు కూడా లేదండి," అన్నాడు.

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు. ఇంత శుభ్రమైన ప్రూఫు నేనెప్పుడూ చూడలేదు." "మీరు నేర్పకపోతే నేనెందుకూ కొరగాకపోయేవాణ్ణి గురువుగారూ. ఈ మాట ఏడేళ్ల కిందటే చెప్పాల్సింది."

"ఇప్పుడు చెప్పావుగా. ఇక వెళ్లు, కిటికీ మూసేస్తారు," అన్నాడు పెద్ద రీడరు.

పారిపోయేవాడి కోసం అక్కయ్య ఆపి ఉంచిన టాక్సీ కిందే ఉంది. ఫైలు ఇంట్లోనే ఉండిపోయి ఉంటే పిల్ల మళ్లీ ఊరంతా తిరిగి వెళ్లాల్సి వచ్చేది, అది ఎటూ కుదరని పని. ఇప్పుడు ఫైలు, ఉత్తరం, టాక్సీ, అభ్యర్థి, అన్నీ ఒకేచోట ఉన్నాయి. ఇదంతా తన ముందుచూపేనని అక్కయ్య దారి పొడుగునా చెప్పుకుంది. ఎవరూ కాదనలేదు. రెండింటికి అయిదు నిమిషాలుందనగా దరఖాస్తు కిటికీ లోపలికి వెళ్లి, రసీదు బయటికి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి సాయంత్రం కూర గిన్నె తండ్రే పట్టుకెళుతున్నాడు. బట్టల క్లిప్పులు నొక్కేటప్పుడు గురుశిష్యులు ఒత్తుల గురించి పోట్లాడుకుంటున్నారని దర్జీ ఆవిడ కబురు.

నెల తిరక్కుండానే విశ్వవిద్యాలయ పేదలు ఆ అమ్మాయికి సీటిచ్చారు.