ఇందుమతికి నలభై కేవీఏ

పెళ్ళైన మర్నాడు ఇందుమతి ఎడమ భుజం మీద ట్రాన్స్‌ఫార్మరుకి ఉండేలాంటి ఇత్తడి నేమ్‌ప్లేటు, ఇరవై అయిదు కేవీఏ అని రాసి ఉన్నది, మొలిచింది. చింతలవీధిలో పెళ్ళైన ప్రతివాళ్లకీ మొలిచేదే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. అత్తగారు సూరమ్మ దాన్ని చింతపండుతో తోమి, బాగానే వచ్చిందంది. మొగుడు భీమేశ్వర్రావు భుజం మీద అరవై మూడు మొలిచింది. అంత పెద్దది పాడైతే మళ్లీ దొరకదని ఇంట్లోవాళ్లు దానికి లోడు తగిలించకుండా రిజర్వులో ఉంచారు.

ప్లేటు చదవడంలో ఆ వీధివాళ్లకి తాతలనాటి పొరపాటు ఒకటి ఉంది. దాని మీది అంకె రోజూ ఇచ్చి తీరాల్సిన కోటా అనుకుంటారు. అందుకే కోడలి మీద ఇంకా ఖాళీ ఉందంటూ మామగారి పథ్యం తగిలించారు, తరవాత మరిది పరీక్షలు, ఆపైన పురిటికొచ్చిన ఆడపడుచుని. ఇందుమతి కాదనలేదు. పదిమందికి పనికొస్తున్నానన్న సంతోషం ఆమెకి నిజంగానే ఉండేది. పెళ్ళైన ఆరో ఏట ఎండలు ముదిరేసరికి జడలోంచి కాగిన నూనె వాసన మొదలైంది. సూరమ్మ గోనెపట్టా తడిపి కోడలి భుజాల మీద కప్పింది. ఆ ఇంట్లో ప్రేమకి లోటు లేదు, అది మాత్రం ఒప్పుకోవాలి.

వాసన పప్పుకి కూడా పట్టేసరికి ఎవరి మీద ఎంత లోడుందో చూసే భారశాఖకి కబురు చేశారు. ఇంజనీరు పోలినాయుడు వచ్చి మీటరు ఆమె మణికట్టుకి తగిలించాడు. ముప్ఫై ఎనిమిది చూపించింది. ఇందుమతి గోడవతలి ఇంటి వైపు చూసింది. పక్కింటి పార్వతమ్మ ఇలాగే కాలిపోతే ట్రాక్టరు మీద రిపేరు షెడ్డుకి తీసుకెళ్లారు. ఇంకా తిరిగి రాలేదు. ఇందుమతికి నాలుగేళ్ల కూతురుంది.

భార్య చేసే పనంతా కలిపినా పద్దెనిమిది దాటదని భీమేశ్వర్రావు వాదించాడు.

"మీరు కిలోవాట్లు లెక్కేసినారు. అది కంటికి కనపడే పని," అన్నాడు పోలినాయుడు. "ఎవులు తిన్నారు, ఎవులు తిన్లేదు, మందేళయిందా, ఇంకా ఇంటికి రాలేదేటి... ఇయన్నీ పని కింద రావు గానీ తీగని ఏడెక్కిస్తాయి. అయి కూడా కలిపి మోసేదే కేవీఏ. అది కోటా కాదు, హద్దు. దాటితే కాలిపోద్ది."

సగం లోడు అరవై మూడు మీదకి మార్చుకోవచ్చని కూడా చెప్పాడు. భీమేశ్వర్రావు తన ప్లేటు తుడుచుకుని తువ్వాలు కప్పుకున్నాడు. పోలినాయుడూ సంసారం ఉన్నవాడే, అర్థం చేసుకున్నాడు. సంచీలోంచి నలభై అని రాసున్న కొత్త ప్లేటు తీసి, పాతది విప్పి, దాన్ని బిగించాడు.

"లోపల తీగలు మార్చరా బాబూ?" అని ఇందుమతి నెమ్మదిగా అడిగింది.

"అక్కర్లేదమ్మా. ముప్ఫై ఎనిమిది ఇప్పుడు హద్దులోనే ఉంది."

ఇల్లు ఊపిరి పీల్చుకుంది. సూరమ్మ దిష్టి తీసింది. అద్దంలో నలభై చూసుకుంటే ఇందుమతికి గర్వంగానే అనిపించింది. ఆ వీధిలో అంత అంకె మరే ఆడదానికీ లేదు. జడ వాసన తగ్గలేదు గానీ, లెక్క ప్రకారం ఉండకూడదు కాబట్టి ఎవరికీ తెలియడం మానేసింది.

సాయంత్రం పార్వతమ్మ మొగుడు వచ్చి, ఆవిడ షెడ్డు నుంచి వచ్చేదాకా పిల్లలకి అన్నం ఎవరు పెడతారో తోచడం లేదన్నాడు. అత్తగారు నోరు తెరవకముందే ఇందుమతి లెక్క చూసుకుంది.

"నాకింకా రెండు ఖాళీ ఉంది, పంపించండి అన్నయ్యా," అంది, గోనెపట్టా మళ్లీ తడుపుకుంటూ.