కనకాంబరాల గోడ

కుందుర్పి మండలంలో ఇక కరువు ఉండబోదనీ, పూల విప్లవం వస్తుందనీ మా మంత్రి ఓబుళేసు గారు 2002 వేసవిలో ప్రకటించారు. మొక్కలకు నీళ్లు కావాలి కనుక విప్లవాన్ని ముందు మండలాఫీసు గోడమీద మొదలుపెట్టమన్నారు. అంత దూరదృష్టి ఇంకెవరికుంది? ఆయన అనుచరుణ్ణి కనుక మొదట చప్పట్లు కొట్టింది నేనే.

పని మా ఊరి పెయింటర్ తిప్పేష్‌కు దక్కింది. ఎనామిల్ రంగులతో నిలువెత్తు బొమ్మ వేశాడు. చాపమీద ఇద్దరు మగవాళ్లు. తిప్పేష్, పక్కనున్న టైలర్ జయరాం చెవిలో కనకాంబరాలు పెడుతున్నాడు. ఆరేళ్లుగా వాళ్లది ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. రేషన్ కార్డు అడిగితే, ఇద్దరు మగవాళ్లు కుటుంబం కారని ఆ ఆఫీసులోనే మూడుసార్లు తిప్పి పంపారు.

మంత్రిగారు బొమ్మను కళాహృదయంతో పరిశీలించారు.

"ఎవరప్పా వీళ్లు?"

"నేనూ, జయరామూ సార్."

"అన్నదమ్ములా?"

"కాదు సార్. నా మనిషి."

మంత్రిగారు పి.ఏ. వైపు చూశారు. పి.ఏ. ఆకాశం వైపు చూశాడు. అక్కడ మేఘం కూడా లేదు.

"పూల పథకంలో మనుషులెందుకప్పా? పూలతో కప్పెయ్."

రెండు రోజులు తిప్పేష్ బ్రష్ ముట్టలేదు. మూడోరోజు డిస్టెంపర్ కలుపుకొని వచ్చాడు.

"అది నీళ్లకు పోతాది గదప్పా?" అన్నాను.

"వాన పడినప్పుడు చూద్దాంలేన్నా."

జయరాం ముఖం మీద చామంతి వేయడానికి మాత్రం పూటంతా పట్టింది. చూస్తుంటే నాకే బాధేసింది.

నెల తిరక్కముందే ఢిల్లీ నుంచి కరువు బృందం వస్తోందని ఫోనొచ్చింది. మంత్రిగారు పరుగున వచ్చారు.

"ఇన్ని పూలుంటే కరువని ఎవడు నమ్ముతాడప్పా? కడిగేయండి."

తాగునీటి ట్యాంకర్ గోడ దగ్గరికి మళ్లింది. బిందెతో నిలబడిన సుంకమ్మ, "మాకు గుక్కెడు ల్యాకపోతే గోడకు నీళ్లు పోస్తాండారా?" అంది. ప్రగతికి త్యాగాలు తప్పవని ఆమెకు నచ్చజెప్పాను.

చామంతులన్నీ కారిపోయాయి. ఎనామిల్ కదల్లేదు. ఢిల్లీ జీపులు ఆగేసరికి చాపమీద ఇద్దరూ, కనకాంబరాలూ మునుపటికంటే తళతళమంటున్నారు.

పెద్దాఫీసరు ఫారం తీసి, వీళ్లెవరని అడిగారు.

"కరువు బాధితులు సార్," అన్నారు మంత్రిగారు.

ఒక కుటుంబమా, రెండా అని ఆఫీసరు అడిగారు.

రెండంటే రెండిళ్లు చూపించాలి. ఉన్నది ఒకటే.

"ఒకటే కుటుంబం సార్," అన్నారు మంత్రిగారు.

ఆఫీసరు రాసుకున్నారు. మంత్రిగారు కింద సంతకం పెట్టారు. తిప్పేష్ దానికి జిరాక్సు తీయించి, రేషన్ కార్డు కోసం రాసిన నాలుగో దరఖాస్తుకు జతచేసి, జయరాంను వెంటబెట్టుకొని ఆఫీసు మెట్లెక్కాడు.

నేను చప్పట్లు కొట్టాను. ఈసారి కొట్టమని నాకెవరూ చెప్పలేదు.