బోణీ గారు లేచి నిలబడ్డ ఆదివారం

ఆ ఆదివారం పొద్దున కళ్ళజోళ్ళ షాపు యజమాని వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చికి వెళ్ళాలి, పాస్టర్ గారు అడగగానే లేవాలి, ప్రార్థన అయ్యాక కూర్చోవాలి, ఇంటికొచ్చి భోంచేసి వెనక గదిలో పడుకోవాలి. ఆ వెనక గదిలో ఒక మడత మంచం, విప్పి మళ్ళీ బిగించని పాత రేడియోలు, తలుపుకి లోపలి గడియ ఉన్నాయి. లోకంలో ఆయన మనస్ఫూర్తిగా ప్రేమించింది ఆ గడియనే.

లేవడం ఆయనకి కొత్త కాదు. ఆ చర్చి వాడుక ఏమిటంటే, ప్రసంగం చివర పాస్టర్ గారు ఏదో ఒక ప్రతిజ్ఞ చెప్పి, కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, "ఎవరు లేచి నిలబడతారు?" అని అడుగుతారు. పాటల బృందం సన్నగా ఒక చరణం అందుకుంటుంది. భక్తి ఎంత ఉన్నా మొదట లేవడానికి మాత్రం అందరికీ మొహమాటమే. అందుకని పాస్టర్ గారు శనివారమే ఒకరిని మాట్లాడి పెట్టుకుంటారు. ఆ ఒకరు లేస్తే పక్కవాళ్ళు లేస్తారు, పక్కవాళ్ళు లేచాక కూర్చుంటే బాగుండదని మిగతావాళ్ళు లేస్తారు. దాన్ని ఉజ్జీవం అని, అంటే సంఘంలో భక్తి మేలుకొందని, చర్చిలన్నిటికీ పైనున్న పెద్ద ఆఫీసుకి రాసి పంపుతారు.

ఆ ఒకరు ఎప్పుడూ ఈయనే. మనిషి పొడగరి, కూర్చునేది ముందు వరసల్లో నడవ పక్కన. లేస్తే వెనకాల గోడ గడియారం దాకా అందరికీ కనపడతారు. సంఘంలో కుర్రకారు ఆయనకి బోణీ గారని పేరు పెట్టారు. నలభై రోజుల ఉపవాసానికి మొదట లేచింది ఆయనే, రెండో రోజు పొద్దున్నే శుభ్రంగా టిఫిన్ చేసిందీ ఆయనే. కోపం విడిచిపెడతానని లేచిన రోజున, చర్చి గేటు దాటకముందే తన స్కూటర్‌కి అడ్డంగా కారు పెట్టినవాడి ఏడు తరాలనీ కడిగేశారు. లేవడం వరకే ఆయన పని. చెయ్యడం ఎవరి పనీ కాదు, ఎవరూ అడిగిన పాపాన కూడా పోలేదు.

ఈసారి అనాథల ఆదివారం. పెద్ద ఆఫీసు నుంచి అధ్యక్షుల వారు కెమెరామన్‌ని వెంటబెట్టుకుని వస్తున్నారు, శిశు సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ కూడా వస్తోంది. తల్లీతండ్రీ లేని బిడ్డకి ఎవరింట్లో చోటుంది అనేది ప్రశ్న. పిల్లల సంగతి కదా, తర్వాత మెడకు చుట్టుకుంటుందేమోనని బోణీ గారు ఫోన్లో కాస్త నసిగారు.

"మీరు లేవండి చాలు బ్రదర్. మీ వెనక సగం చర్చి లేస్తుంది. ఆ గుంపులో మీరున్నారో లేరో ఎవరికి గుర్తుంటుంది?" అన్నారు పాస్టర్ గారు.

ప్రసంగం అద్భుతంగా సాగింది. మనమందరం దేవుడు దత్తత తీసుకున్న బిడ్డలమేనని పాస్టర్ గారు చెబుతుంటే చేతిరుమాళ్ళు బయటికొచ్చాయి. చెయ్యి చాపారు, చరణం మొదలైంది, బోణీ గారు చొక్కా సర్దుకుని లేచారు.

ఎవరూ లేవలేదు.

ఉపవాసానికైతే లేచి, ఇంటికెళ్ళి తినొచ్చు. పిల్ల విషయంలో అలా కుదరదు కదా. ఈ లెక్క చర్చి మొత్తానికీ ఒకేసారి తట్టింది. పాటల పుస్తకంలో ఎన్నడూ తెరవని పేజీలు ఒకరు శ్రద్ధగా చదువుతున్నారు, ఇంకొకరు కింద ఏదో పడిపోయినట్టు బెంచీ కిందికి దూరారు, మరొకాయనకి దగ్గు తెర ఎంతకీ ఆగడం లేదు. పాటల బృందం అదే చరణాన్ని తిప్పి తిప్పి పాడింది. బోణీ గారు ఊరేగింపు వెళ్ళిపోయాక మిగిలిన జెండా కర్రలా నిలబడి ఉన్నారు. అప్పుడు వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. హమ్మయ్య, ఎవరో ఒకరు లేచారనుకుని ఆయన ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగి చూశారు.

వస్తున్నది ఆయన భార్య.

ఆవిడ సండే స్కూల్ టీచరు. ఎప్పుడూ వెనకాల పిల్లలతో కూర్చుంటుంది, శనివారపు ఫోన్ల సంగతి ఆవిడకి తెలియదు. మొగుడు లేచిన ఉపవాసాలనీ మానేసిన కోపాలనీ ఆవిడ ఎన్నడూ నమ్మింది లేదు. కానీ ఒక బిడ్డ విషయంలో కూడా ఉత్తుత్తినే లేచే మనిషి ఉంటాడని ఆవిడకి ఊహకైనా రాలేదు. వచ్చి, నడవలో ఆయన పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుంది. చర్చంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. బతికిపోయినవాళ్ళు కొట్టే చప్పట్లు వేరుగా ఉంటాయి, మహా జోరుగా ఉంటాయి. కెమెరామన్ ఫోటో తీశాడు. ఆఫీసరమ్మ ముందుకొచ్చి ఇంటి చిరునామా రాసుకుంది.

భోజనాల దగ్గర అసలు సంగతి చెప్పేద్దామని బోణీ గారు దారి పొడుగునా మాటలు కూర్చుకున్నారు. ఆవిడ కంచం ముందు కూర్చుంది గానీ తినడం లేదు.

"ఏమండీ, పెళ్ళయిన కొత్తల్లో కాదు, డాక్టర్లందరూ అయిపోయాక ఒకసారి అడిగాను గుర్తుందా, ఎవరినైనా తెచ్చుకుందామని? చూద్దామన్నారు. ఇంకెప్పుడూ అడక్కూడదని ఆ రోజే అనుకున్నాను. అది మీ మనసులో ఉందని నాకు తెలీదు."

ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే 'వద్దు' అని అర్థం. బోణీ గారు కంచంలోకి చూస్తూ ఊఁ అన్నారు. ఆ ఊఁ తోనే సగం మునిగిపోయారు.

మర్నాడు పొద్దున్నే పాస్టర్ గారి మీదికి వెళ్ళారు. పాస్టర్ గారు శాంతంగా కుర్చీ చూపించి, అధ్యక్షుల వారు ఆ ఫోటోని పత్రిక అట్ట మీద వేయిస్తున్నారని, ఇప్పుడు వెనక్కి తగ్గితే సంఘం పరువు గంగలో కలుస్తుందని చెప్పారు. మీ ఇంట్లో పై రెండు గదులూ ఖాళీయే కదా, మీరే ఎందుకు తీసుకోకూడదని బోణీ గారు అడిగారు.

"నాకున్న పిలుపు వేరు బ్రదర్," అన్నారు పాస్టర్ గారు. తర్వాత గొంతు తగ్గించి, "అయినా మీకంత బెంగెందుకు? ఆఫీసరమ్మ ఇల్లు చూడ్డానికి వస్తుంది కదా. మీలో ఉన్న లోపాలన్నీ దాచకుండా చెప్పెయ్యండి. వాళ్ళే వద్దంటారు, మన మీద మాట రాదు. నేను అబద్ధం చెప్పమనడం లేదు చూడండి, నిజమే చెప్పమంటున్నాను," అన్నారు.

ఈలోగా సంఘానికి దానగుణం పుట్టుకొచ్చింది. పిల్లని ఇంకొకరు పెంచుతారని ఖాయమయ్యాక మనుషులకి పిల్లల మీద ఎక్కడలేని ప్రేమా పొంగుతుంది. ఆ వీధి ఈ వీధి అని లేకుండా అటకల మీద సామానుకి మోక్షం దొరికింది. వచ్చేది ఏ వయసు పిల్లో కనుక్కున్నవాడు లేడు, ఉయ్యాలలు మాత్రం మూడొచ్చాయి. చక్రం లేని సైకిలు, కన్ను లేని బొమ్మ, కాలు విరిగిన ఎత్తు కుర్చీ వచ్చాయి. ఇచ్చిన ప్రతివాళ్ళూ ఫోటో తీయించుకుని, పిల్లల్ని క్రమశిక్షణలో పెట్టడం ఎలాగో అరగంట చెప్పి మరీ వెళ్ళారు. వాళ్ళ పిల్లలు అప్పటికి బయట వీళ్ళ పూలకుండీలు తన్నుతున్నారు. టీచరమ్మ వెనక గది ఖాళీ చేసింది. రేడియోలు మెట్ల కిందికి, మడత మంచం వరండాలోకి పోయాయి. బోణీ గారు ఆదివారం మధ్యాహ్నాలు ముందుగదిలో, ఉయ్యాలల మధ్య, సోఫా మీద ముడుచుకుని పడుకోవలసి వచ్చింది.

చివరికి ఆఫీసరమ్మ వచ్చింది. గదులన్నీ చూసింది, ఉయ్యాలలు లెక్కపెట్టింది. మా దగ్గరున్నది పదేళ్ళ పాప అని చెప్పి సోఫాలో కూర్చుంది. టీచరమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇదే అదను అనుకుని బోణీ గారు లోపాలు చెప్పడం మొదలుపెట్టారు. ముక్కు మీద కోపం, గోడలదిరే గురక, చప్పుడు పడదు, ఏదీ ఇంకొకరితో పంచుకోవడం పడదు, చెప్పిన సమయానికి ఇంటికి రారు. ఆఫీసరమ్మ ఒక్కొక్కటే రాసుకుంటోంది గానీ ఫైలు మూసే సూచన కనపడలేదు. పెద్ద బాంబు వేస్తే తప్ప లాభం లేదనుకుని, ఉపవాసం సంగతీ, రెండో రోజు టిఫిన్ సంగతీ, ఆ వెంటనే శనివారపు ఫోన్ సంగతీ చెప్పేశారు. పాస్టర్ గారు లేవమంటే లేచానే తప్ప తనకి పిల్ల కావాలని కాదన్నారు.

ఆఫీసరమ్మ కలం పక్కన పెట్టింది.

"ఇంకో చర్చిలో కూడా ఒకాయన ఇలాగే లేచారండీ. ఈ పాపనే తీసుకెళ్ళారు. ఫోటోలు దిగారు, దేవుడే పంపాడని చర్చిలో సాక్ష్యాలు చెప్పారు. కొన్నాళ్ళకి ఒక పొద్దున తెచ్చి మా వరండాలో దిగబెట్టి వెళ్ళారు. అప్పట్నుంచీ ఆ పిల్ల తన సంచీ విప్పదు. బట్ట కావాలంటే అందులోంచి తీసుకుని, ఉతికి, మళ్ళీ అందులోనే పెట్టుకుంటుంది. నాకు మీ గురకతో పని లేదు. ఈ మాట మీ ఆవిడకి తెలుసా?"

ఆవిడ గుమ్మంలోనే ఉంది, చేతిలో కప్పులతో. ఎప్పుడు వచ్చిందో, ఎక్కడి నుంచి విన్నదో తెలియదు. మొహం చూస్తే మొత్తం విన్నట్టే ఉంది. కప్పులు బల్ల మీద పెట్టింది, ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

"ఆయన చెప్పినవన్నీ నిజమే మేడమ్. సగమే చెప్పారు, మిగతావి నేను రాయిస్తాను," అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "నన్ను లేవమని ఎవరూ ఫోన్ చెయ్యలేదండీ. నా అంతట నేను లేచాను. మీరు కూర్చోవాలనుకుంటే ఇప్పుడే కూర్చోండి. ఆ పిల్ల ఈ ఇంట్లోకి వచ్చాక కాదు."

బోణీ గారు అప్పటికే సోఫాలో కూర్చునే ఉన్నారు. ఇష్టం లేదు అనే మాట వారాల తరబడి నోట్లో నానుతూనే ఉంది. ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు, అంటే అయిపోతుంది, సాయంత్రానికి రేడియోలు గదిలోకి వచ్చేస్తాయి. కానీ ఆవిడ తన మొహంలోకి చూడటం లేదు, కాఫీ కప్పుల వైపు చూస్తోంది. ఆయనకి సిగ్గేసింది. బట్టలూడిపోయినంత సిగ్గు. నాలుక చివరికి 'చూద్దాం' అనే మాట వచ్చింది, దాన్ని మింగేశారు.

"ఆ గది తలుపుకి లోపలి గడియ ఒకటుంది. పీకించేస్తాను," అన్నారు. "పిల్ల లోపల వేసుకుని, తియ్యడం రాకపోతే కష్టం."

ఆఫీసరమ్మ మళ్ళీ కలం తీసింది. లోపాలు లేవని ప్రమాణం చేసినవాళ్ళే పిల్లని తెచ్చి దిగబెట్టారని, లోపాలున్నాయని ఒప్పుకున్న ఇంటిని ఇదే మొదటిసారి చూస్తున్నానని అంది. టీచరమ్మ మాత్రం చెప్పిన ప్రకారం మిగతా లోపాలు కూడా ఒక్కటీ వదలకుండా రాయించింది.

పిల్ల వచ్చింది. సన్నగా, సూటిగా చూసే పిల్ల. టీచరమ్మని రెండో రోజే అమ్మా అంది. ఆయన్ని ఏమని పిలవాలో తేల్చుకోలేక, ఆవిడ పిలిచేది విని, "ఏమండీ" అనడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇద్దరు ఏమండీలు అయ్యేసరికి ఆయనకి ఎటు తిరగాలో తెలిసేది కాదు. గడియ పీకేసిన చోట తలుపుకి మిగిలిన నాలుగు చిల్లుల్లో వేలు పెట్టి చూసింది. మెట్ల కింద నుంచి ఒక రేడియో తెచ్చుకుని కిటికీలో పెట్టుకుంది. సంచీ మాత్రం విప్పలేదు. అది మంచం పక్కన, జిప్పు బిగించి, బండి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉండేది.

ఇంతలో అధ్యక్షుల వారు మళ్ళీ కెమెరామన్‌తో వస్తున్నారని కబురొచ్చింది. శనివారం పాస్టర్ గారు ఫోన్ చేశారు. రోజూ కోడి కూయకముందే లేచి లోకమంతటి కోసం గంటసేపు మోకరించే ప్రతిజ్ఞ అట. బోణీ గారు అలవాటు కొద్దీ సరేనన్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పిల్ల రాగానే పోతుందా?

ఆదివారం ముగ్గురూ ఒకే వరసలో కూర్చున్నారు. ప్రసంగం అయింది. పాస్టర్ గారు కళ్ళు మూసుకుని చెయ్యి చాపారు. చరణం మొదలైంది. బోణీ గారి మోకాళ్ళు వాటంతటవే కదిలాయి, ఆయన బెంచీ మీద నుంచి సగం లేచారు. ఎవరో చొక్కా అంచు పట్టుకుని లాగారు.

"ఏమండీ," అంది పిల్ల, మెల్లగా. "లేస్తే చెయ్యాలి కదా. మీరు చేస్తారా?"

ఆయన ఆలోచించారు. "చెయ్యను," అన్నారు.

"అయితే కూర్చోండి."

కూర్చున్నారు. పక్కవాళ్ళు ఆయన వంక చూసి కదల్లేదు, పక్కవాళ్ళని చూసి మిగతావాళ్ళూ కదల్లేదు. పాస్టర్ గారు ఒక కన్ను తెరిచి మూడో వరస వైపు చూశారు, మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు. పాటల బృందానికి గొంతులు పోయాయి. కెమెరామన్ గోడ గడియారాన్ని ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం పిల్ల వెనక గదిలోకి వెళ్ళి, సంచీ విప్పి, బట్టలు ఒక్కొక్కటే బీరువాలో సర్దుకుంది. ఈ వారం సంఘంలో చెప్పుకోదగ్గ కదలిక ఏమీ లేదని పాస్టర్ గారు పెద్ద ఆఫీసుకి రాసి పంపారు.