కారని గోడ

ఒక పెద్ద అడవిలో, మరీ పెద్దదేం కాదు లెండి, ఒక కొండా, ఒక పంచాయతీ, ఆ పంచాయతీకి సరిపడా పూలదండలూ పట్టేంత పెద్దది, అలాంటి అడవిలో వాలు కాలనీ అని ఒకటుండేది. కొండవాలు మీద వరసలు వరసలుగా గుహలూ బొరియలూ, వాటి ముందు తలా కాస్త పెరడు. వాన పడితే పై వరస వాళ్ల పెరడు జారి కింది వరస వాళ్ల గుమ్మంలోకి వచ్చేది. "మా మట్టి మాకిచ్చెయ్యండి" అని పైవాళ్లు, "ముందు మా గుమ్మం మాకిచ్చెయ్యండి" అని కిందివాళ్లు పోట్లాడుకునేవాళ్లు. వానాకాలమంతా కాలక్షేపానికి లోటుండేది కాదు.

పై వరసలో పంచాయతీ అధ్యక్షుడు భల్లయ్య అనే ఎలుగుబంటి గుహ. సరిగ్గా దాని కింద దూదమ్మ అనే కుందేలు బొరియ. ఒక ఏడు పెద్ద వానకి భల్లయ్య పెరట్లో తేనెపట్టున్న చెట్టు వేళ్లతో సహా జారొచ్చి దూదమ్మ గుమ్మంలో కూర్చుంది. నిండు చూలాలు దూదమ్మ లోపల ఇరుక్కుపోయి, వెనక నుంచి తవ్వుకుని బయటపడింది. అది చిన్న వార్త. అధ్యక్షుల వారి తేనెపట్టు పోయింది. అది వార్త.

మర్నాడే పంచాయతీ అత్యవసరంగా సమావేశమైంది.

"కొండవాలుకి కాంక్రీటు అడ్డుగోడ కట్టి తీరాలి. నా కోసం కాదు. ఆ చెల్లెమ్మ కోసం," అన్నాడు భల్లయ్య, మూతి నాక్కుంటూ.

అడవిలో కాంక్రీటు ఎక్కడిదని మాత్రం నన్నడక్కండి. ఓట్లున్న చోటికి అది దానంతటదే వస్తుంది.

ఇంజనీరు గిజిగాడు. బతుకంతా గాల్లో వేలాడే ఇళ్లు కట్టిన పిట్ట కాబట్టి నేలతో పరిచయం తక్కువే గానీ, చదువుకున్నవాడు. పునాది లోతుగా తీయించాడు. ఇనుప చువ్వలు కట్టించాడు. గోడ వెనక గులకరాళ్లు పోయించాడు. గోడ కింది భాగంలో వెదురు గొట్టాలు వరసగా పెట్టించి, కన్నాలు వదిలాడు.

"ఇవేమిటయ్యా, గోడకి కన్నాలు?" అన్నాడు భల్లయ్య.

"వానకి మట్టి నీళ్లు తాగుతుందండీ. తాగిన నీళ్లు ఈ కన్నాల్లోంచి బయటికి పోవాలి. దారి లేకపోతే ఆ నీళ్లే గోడని తోసేస్తాయి."

"ఓహో," అన్నాడు భల్లయ్య. అర్థం కాని ప్రతిదానికీ ఆయన ఓహో అనేవాడు. అందుకే అధ్యక్షుడయ్యాడు.

గోడ లేచింది. సున్నం పడింది. రిబ్బను తెగింది. తొలి వాన కురిస్తే పై మట్టి పైనే ఉండిపోయింది. కన్నాల్లోంచి మాత్రం సన్నగా, తేటగా నీళ్లు దూదమ్మ పెరట్లోకి కారుతున్నాయి. గోడ పని గోడ చేస్తోంది. ఇలాంటివి మనకి సరిపడవు కదా.

అప్పటికి దూదమ్మకి నలుగురు పిల్లలు పుట్టారు. కళ్లు తెరిచారు గానీ ఇంకా నడక రాలేదు. పిల్లల్ని చూడ్డానికి అవతలి అడవి నుంచి ఆడపడుచు దిగింది. దిగీ దిగగానే పెరటి బురదలో పాదాలు ఎత్తెత్తి వేస్తూ, "ఇదేమిటొదినా, కొత్త గోడన్నావు, కారుతోందేం? మా అడవిలో గోడలు కారవమ్మా," అంది.

"మీ అడవిలో గోడలున్నాయా?" అంది దూదమ్మ.

"లేవు. అందుకే కారవు."

పక్కింటి ఏదుపంది పేరిందేవి నోరు కూడా దాని ఒంటిలాంటిదే. కంచె మీంచి తొంగి చూసి, "ఏమే దూదమ్మా, నీ గోడకి జలుబు చేసినట్టుందే! వరసపెట్టి ముక్కులు కారుతున్నాయి. కాస్త మిరియాల కషాయం పట్టరాదూ?" అంది. ఆడపడుచు పకపకా నవ్వింది.

బురద దూదమ్మకి కొత్త కాదు. ఆ నవ్వే కొత్త. చెవులు వెనక్కి వాల్చుకుని నేరుగా పంచాయతీ ఆఫీసుకి పోయింది.

మామూలుగా ఆ ఆఫీసులో ఫిర్యాదంటే, ఇచ్చినవాళ్లు ముసలివాళ్లయ్యాక విచారణకి వచ్చేది. కానీ ఆ రోజు గుమ్మంలో ప్రతిపక్ష నాయకుడు నక్క నాగేశం నిలబడి ఉన్నాడు. పనేమీ లేక కాదు, అదే ఆయన పని.

"ఏంటి సోదరీ, గోడకి కన్నాలా?" అని చెవిలో అడిగి, ఒక్క గెంతులో అరుగెక్కి అరిచాడు: "కన్నాలు! పంచాయతీ గోడకి కన్నాలు! అన్నలారా, అక్కలారా, ఆ కన్నాల్లో ఉండాల్సిన కాంక్రీటు ఏమైంది? ఎవరి పొట్టలోకి పోయింది?"

అందరూ ఒక్కసారి భల్లయ్య పొట్ట వంక చూశారు. అది ఏ విచారణకీ ఎదురు చెప్పగలిగే పొట్ట కాదు.

భల్లయ్య గిజిగాణ్ణి లోపలికి లాక్కుపోయాడు. "మూసెయ్."

"అవి ఉండాలండీ. నీళ్లకి దారి..."

"నువ్వు ఇంజనీరువా, ప్రతిపక్షమా?"

గిజిగాడి గూడు పంచాయతీ తుమ్మచెట్టుకి వేలాడుతోంది. కిటికీలోంచి ఆ కొమ్మ వంక ఓసారి చూసుకున్నాడు. చూసుకున్నాక చదువంతా మళ్లీ గుర్తొచ్చింది.

"మూసినా ఫర్వాలేదండీ," అన్నాడు. "ఈ మధ్య కొత్త పద్ధతుల్లో కన్నాలు తప్పనిసరేం కాదంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"ఇప్పుడే తమరన్నారు కదండీ."

పొద్దు గుంకేలోపు వెదురు గొట్టాల్లో కాంక్రీటు కుక్కి, పైన నున్నగా పూత పూసి, సున్నం కొట్టారు. "ఇది మా పోరాట విజయం," అన్నాడు నాగేశం. "ఇది మా నిజాయితీకి నిదర్శనం," అన్నాడు భల్లయ్య. దూదమ్మ పెరడు ఆరిపోయింది. బాగా ఆరిందని ఆడపడుచు ఇంకొన్నాళ్లు ఉండిపోయింది. సుఖం ఒంటరిగా రాదు.

తర్వాత ముసురు పట్టింది. తెరిపి లేని వాన. గోడ మీద చుక్క లేదు. భల్లయ్య పొరుగు పంచాయతీల వాళ్లని వెంటబెట్టుకొచ్చి, "చెయ్యి పెట్టి చూడండి, పొడి!" అని చూపించుకునేవాడు.

ముసురుకి ముందే దూదమ్మ పక్క మీది గడ్డి ఆరేసుకోవడానికి గోడకీ ఎదురుగా ఉన్న మొద్దుకీ ఒక తీగ కట్టుకుంది. బిగించి కట్టిన తీగ కాస్తా వదులైంది. మళ్లీ బిగించింది. మళ్లీ వేలాడింది. మొద్దు కదల్లేదు. అంటే కదులుతున్నది ఎవరో దూదమ్మకి తట్టింది. గోడకి చెవి ఆనించింది. లోపల గుడగుడమని, తిన్నదరగని కడుపులో వచ్చే చప్పుడు.

"గోడకి పొట్టొచ్చిందే!" అంది పేరిందేవి. ఈసారి నవ్వలేదు. ఒంటి మీద నుంచి పొడుగాటి ముల్లొకటి పీకిచ్చింది. "ఇదిగో, ఈ ముసురుకి కన్నాల్లో కుక్కింది ఇంకా గట్టిపడి ఉండదు. పొడిచెయ్. ఒక్క కన్నం పడినా కాస్త ఊపిరి పీల్చుకుంటుంది."

దూదమ్మ ముల్లు అందుకుంది. గోడ దాకా వెళ్లింది. వెనక్కి వచ్చేసింది.

"నేనే మూయించి నేనే పొడిస్తే నలుగురూ ఏమనుకుంటారక్కా?"

"ఆ నలుగురికీ ఈ గోడ కింద పిల్లలున్నారటే?"

దూదమ్మ ముల్లు తిరిగిచ్చేసింది. ఆఫీసుకి పోయింది. మర్యాదస్థులు చేసే పని అదే.

"కారుతోందా చెల్లెమ్మా?" అన్నాడు భల్లయ్య ప్రేమగా.

"లేదండీ."

"మరి ఫిర్యాదేమిటి?"

"ఉబ్బుతోందండీ."

"చూడమ్మా, కారడానికైతే మన దగ్గర విభాగం ఉంది. ఉబ్బడానికి లేదు. పెట్టాలంటే తీర్మానం కావాలి." ఆవలించి, "అన్నట్టు, రేపు నీ పెరట్లోనే నాకు సన్మానం. కారని గోడ కట్టినందుకు. పొద్దున్నే కాస్త ఊడ్చిపెట్టు," అన్నాడు.

బయట గిజిగాడు ఎదురై, అటూ ఇటూ చూసి, "పిల్లల్ని తీసుకుని కొన్నాళ్లు ఎటైనా వెళ్లరాదమ్మా," అన్నాడు.

"పడుతుందాండీ?"

"పడుతుందని నేనన్లేదు. గాలి మార్పు మంచిదన్నాను."

మర్నాడు, వాన కాస్త తెరిపిచ్చాక, సభ. గోడకి ఆనించి వేదిక. వేదికకి కాస్త పక్కగా దూదమ్మ బొరియ, లోపల పిల్లలు. ఆడపడుచు ముందు వరసలో చోటు పట్టుకుంది. ప్రతిపక్షం కూడా వచ్చింది. కన్నాలు మూయించిన ఘనతలో వాటా వదులుకోవడం దానికి ఇష్టం లేదు. భల్లయ్య మెడలో దండ పడింది. ఆయన లేచి, పంజాతో గోడని చరిచి, "వినండి ఈ గట్టిదనం!" అన్నాడు.

జనం చప్పట్లు విన్నారు. దూదమ్మ గుడగుడ విన్నది. సరిగ్గా అప్పుడే ఆ గుడగుడ ఆగిపోయింది.

అంతే. దూదమ్మ సభ మధ్యలోంచి పరుగు తీసింది. బొరియలోకి దూరి ఒక పిల్లని నోట కరుచుకుని, కూర్చున్నవాళ్ల కాళ్ల సందుల్లోంచి, తోకల మీంచి తొక్కుకుంటూ పేరిందేవి వాకిట్లో పడేసింది. మళ్లీ వచ్చింది.

"ఏయ్, అధ్యక్షుల వారు మాట్లాడుతున్నారు, కూర్చో!"

రెండో పిల్ల.

"ఒదినా, పరువు తీస్తున్నావు!" అంది ఆడపడుచు.

మూడో పిల్ల.

"అడ్డం లేవండి, సన్నాసుల్లారా, దారివ్వండి!" అని పేరిందేవి ముళ్లన్నీ నిక్కబొడుచుకుని జనం మధ్యకి దూసుకొచ్చింది. ముళ్లకి మాత్రం అందరూ దారిచ్చారు. వెనక వరసలన్నీ చెల్లాచెదరయ్యాయి. ముందు వరసలు కేకలేసుకుంటూ లేచాయి. ఆ దారిలోంచే దూదమ్మ నాలుగో పిల్లతో బయటపడింది. ఆమె వెనక కాళ్లు కంచె దాటాయో లేదో, గోడ మధ్యలో నిలువుగా చీలిక.

మొదట నీళ్లు. తర్వాత గోడ. తర్వాత భల్లయ్య పెరడు, కొత్త తేనెపట్టుతో సహా.

ఎవరూ చావలేదు. నాగేశం తోక నలిగింది. ఆడపడుచు ఆ బురదతోనే, కాళ్లు కడుక్కోకుండానే తన అడవికి బయల్దేరింది. భల్లయ్య మెడ దాకా మట్టిలో కూరుకుపోయాడు. దండ మాత్రం పైనే ఉంది. ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

దూదమ్మ బొరియ ఎక్కడుండేదో చెప్పడానికి గుర్తు కూడా మిగల్లేదు.

విచారణ సంఘానికి నాగేశమే పెద్ద. చాలా నిష్పక్షపాతంగా తేల్చాడు: కూలిన క్షణం వరకూ గోడ ఒక్క చుక్క కారలేదు కాబట్టి నాణ్యతలో లోపం లేదు. తప్పు వానది. వాన ప్రస్తుతం పరారీలో ఉంది. దూదమ్మ లేచి, "ఈసారైనా కన్నాలు..." అనబోతే, "మూయమన్నది తమరే కదా సోదరీ?" అన్నాడు. సభ గొల్లుమంది. దూదమ్మ కూర్చుంది. ఎందుకంటే అది నిజం.

ఆమె పిల్లల్ని తీసుకుని కొండ చివర రాతిగుట్టకి మారిపోయింది. అక్కడ వానకి ఇల్లంతా తడుస్తుంది, మళ్లీ ఆరుతుంది.

మరుసటి ఏడు అదే చోట కొత్త గోడ లేచింది. గిజిగాడు అవే వెదురు గొట్టాలు, అవే కన్నాలు పెట్టాడు. గోడ కింద పెరడు కొత్తగా పెళ్లయిన ముంగిస జంటకి ఇచ్చారు. తొలి వాన పడ్డ మర్నాడు ముంగిస కోడలు ముస్తాబై ఆఫీసుకి పోతుంటే దారిలో దూదమ్మ ఎదురైంది.

"ఎక్కడికమ్మా?"

"గోడ కారుతోందండీ. మా అత్తగారొస్తున్నారు."

దూదమ్మ దారికి అడ్డం నిలబడింది. "కారనీ తల్లీ. కారితేనే నిలబడుతుంది. నా మాట విను, నా నలుగురు పిల్లలూ..."

ముంగిస కోడలు ఆమెని పైనుంచి కిందికి చూసింది. "మీరున్నప్పుడు మీరు మూయించుకున్నారుగా? మీకైతే పొడి పెరడు కావాలి, మేం మాత్రం బురదలో పడుండాలా?" అని, పక్కనుంచి తప్పుకుని చకచకా వెళ్లిపోయింది.

ఆఫీసు గుమ్మంలో, నలిగిన తోక ఊపుకుంటూ, నాగేశం ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నాడు.

కథలో నీతి వెతుక్కునేవాళ్లకి ఇదిగో: గోడ కూలినా ఫర్వాలేదు గానీ, కారకూడదు.