చెవి కోసిన పొట్టేలు

శుక్రవారం కోరుట్ల నుంచి బేరగాడు దస్తగిర్ ఆటో తెస్తాడు. పొట్టేలును అతనికి అమ్మి, శనివారం జగిత్యాలలో కూతురు నవ్య బి.ఎడ్. ఫీజు కట్టాలి. శనివారం దాటితే సీటు పోతుంది. వీర్నపల్లి గొర్రెల కాపరి కొమురెల్లి ఆలోచన బుధవారం పొద్దున ఇంత సాఫీగానే ఉంది.

"స్కాలర్‌షిప్ పైసలు రానే రాకపాయె గదా బిడ్డా?"

"మా కోసమే ఇయర్‌మార్క్ చేసిండ్రట నాయినా."

"గదేంది?"

"ఎనుకట ఇంగ్లిష్ దేశంల గొర్రె ఎవలిదో ఎర్క కావాలెనని చెవి కోసి గుర్తు పెట్టేటోళ్లట. ఇప్పుడు ఒక్క పనికే అని ఏదన్న పక్కకు పెడితే గదే మాట అంటరు. ఇంకోలు ముట్టద్దన్నట్టు."

గొర్రెల దొడ్లో పుట్టిన మాట ఆఫీసుల్లో కుర్చీ ఎక్కిందని కొమురెల్లి మురిసిపోయాడు. నిరుడు నవ్య చదువుకని అనుకున్న పొట్టేలు బామ్మర్ది రాజమౌళి ఇంటి దావతుకు పోయింది. అది గుర్తొచ్చి కత్తెర తీశాడు. పొట్టేలు చెవి కొసన మూడు మూలల ముక్క కోసి, పుండు మానాలని పసుపు అద్దాడు. ఆ పసుపే కొంప ముంచింది.

పక్కింటి ముత్తవ్వ చూసింది. చెవి కోసి పసుపు పెట్టిన పొట్టేలంటే ఆ ఊళ్లో పోచమ్మకు మొక్కినదే, దాన్ని అమ్మరు. కొమురెల్లి చాయ తాగేలోపే తల్లి లచ్చవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంటూ వచ్చింది.

"నా మోకాళ్ల నొప్పులకు మొక్కినవా కొడుకా!"

"కాదే అవ్వా, నవ్య ఫీజుకు."

"నోర్ముయ్! పోచమ్మ తల్లి ఇంటది!"

మధ్యాహ్నానికి రాజమౌళి డప్పులోళ్లకు బయానా ఇచ్చి, ముత్యంపేట దాకా చుట్టాలకు ఫోన్లు కొట్టాడు. "మొక్కు దాస్తె ఊరికే అరిష్టం బావా" అన్నాడు. కొమురెల్లి కనబడ్డవాడికల్లా ఇంగ్లిష్ మాట సంగతి చెప్పాడు. మొక్కు ఎగ్గొట్టడానికి ఇంగ్లిష్ కూడా నేర్చాడని ఊరంతా అనుకుంది.

మిగిలిన ఆశ దస్తగిర్ ఒక్కడే. శుక్రవారం అతను ఆటో దిగి, పొట్టేలు చెవి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"తోబా కొమురెల్లన్నా! దేవుని జీవం నేను కొన. రేపటి నుంచి నన్ను గీ ఊళ్లెకు రానిస్తరా?"

ఆటో ఖాళీగా పోయింది. శనివారం సీటూ పోయింది.

ఆదివారం పొట్టేలును పోచమ్మకు కోసి విందు చేశారు. రాజమౌళి మూడోసారి వడ్డించుకున్నాడు. కూర బ్రహ్మాండమని ముత్యంపేట చుట్టాలు లొట్టలేశారు. నవ్య అందరికీ నీళ్లు పోస్తోంది. తన దగ్గరికి రాగానే కొమురెల్లి గ్లాసు ముందుకు జరిపాడు.

"ఇంకోలు ముట్టరంటివి గద బిడ్డా" అన్నాడు మెల్లగా.

"మా స్కాలర్‌షిప్ పైసలతోని కాలేజీకి గేటు కట్టిండ్రట నాయినా. ఇయ్యాల్నే తెలిసింది. గేటు మస్తుగున్నదట."

అంతలో ఎవరో అతని విస్తట్లో తలకాయ కూర వేశారు. అందులో ఒక చెవి వచ్చింది. దాని కొసన మూడు మూలల కోత చెక్కుచెదరకుండా ఉంది.

పొట్టేలు ఎవరిదో ఇట్టే తెలిసిపోతోంది.